వోల్టేజ్ తగ్గిందని సంతోషపడ్డ రోజు

ఈ పోస్టు చాలా రోజుల్నించి రాయాలనుకుంటా ఉన్నా, ఇవాళ కుదిరింది. మే నెలలో మా ల్యాబ్‌లో ఒక టెస్ట్ ఆపేశాం. నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే ఒక సెల్ మీద 2,900 గంటలు నడిచిన టెస్ట్. సంక్రాంతి అయిన వారంలో స్విచ్ వేస్తే నాలుగు నెలలు రాత్రీ పగలూ నడిచింది, మధ్యలో ఒకే ఒక్కసారి కరెంట్ పోయి ఆగింది, నేను చెప్పబోయేదంతా ఆ ఆగిన రోజు చుట్టూనే. ఆ రోజు మళ్ళీ స్టార్ట్ చేశాక స్క్రీన్ మీద వోల్టేజ్ ముందుకంటే తగ్గింది, మేం సంతోషపడ్డాం, స్వీట్లు కూడా తెప్పించుకున్నాం. మూడు వారాల తర్వాత అదే సెల్ విప్పి టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మా ల్యాబ్ రేణిగుంట దాటినాక వస్తుంది. పేరొద్దు. మేం చేసే పని ఎలక్ట్రోలైజర్ ఎన్నేళ్ళు మన్నుతుందో చూడటం. నీళ్ళలోకి కరెంట్ పంపిస్తే ఒకవైపు హైడ్రోజన్, ఒకవైపు ఆక్సిజన్ వస్తాయని టెన్త్‌లో అందరం చదువుకున్నదే, 1800లోనే ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ చేసి చూపించిందే. మన దేశంలో కూడా కొత్తేం కాదు, పంజాబ్‌లో నంగల్ ఎరువుల ఫ్యాక్టరీకి 1960ల్లోనే భాక్రా డ్యామ్ కరెంట్‌తో నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసేవాళ్ళు. కాబట్టి తీయడం వచ్చు. ఎన్నేళ్ళు తీస్తుంది, పదో ఏడు కూడా మొదటి ఏడు తిన్నంత కరెంటే తింటుందా, అనేదే ఇప్పుడున్న ప్రశ్న.

మా సెల్ చిన్నది. అరచేయి అంత కూడా ఉండదు, 25 చదరపు సెంటీమీటర్లు. మధ్యలో ప్రోటాన్లు దాటడానికి నాఫియాన్ అనే ప్లాస్టిక్ పొర, 127 మైక్రాన్ల మందం, అంటే రెండు వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో ఇంచుమించు అంత. ఆ పొరకి హైడ్రోజన్ వచ్చే వైపు ప్లాటినం, ఆక్సిజన్ వచ్చే వైపు ఇరిడియం ఆక్సైడ్ పూత, రియాక్షన్‌ని నడిపే క్యాటలిస్టులు ఇవే. ఇరిడియం గురించి ఒక్క మాట, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తవ్వేది ఏడెనిమిది టన్నులే, అది కూడా ఎక్కువగా సౌతాఫ్రికాలో ప్లాటినంతో పాటు వచ్చేది. ఒక టెన్ టైర్ లారీలో పట్టేస్తుంది ప్రపంచం ఏడాది సంపాదనంతా. అలాంటి మెటల్ మా సెల్‌లో నీళ్ళలోకి కరిగి పోతా ఉంటే నాకు మనసు ఒప్పదు, ఈ పని మీద నాకు ఇంత పట్టుదల రావడానికి అది కూడా ఒక కారణం.

దీనికి 50 ఆంపియర్లు ఇస్తాం, 80 డిగ్రీల వేడి నీళ్ళు తిరుగుతూ ఉంటాయి, గంటకి రెండు గ్రాముల లోపు హైడ్రోజన్ వస్తుంది, దాన్ని పైకప్పు మీదికి పైపు వేసి వదిలేస్తాం. అంతే. కరెంట్ స్థిరంగా పెట్టి వోల్టేజ్ చూస్తా కూర్చోవాలి. నీళ్ళు విడిపోవడానికి లెక్క ప్రకారం 1.23 వోల్ట్లు చాలు, కానీ పొర రెసిస్టెన్స్, క్యాటలిస్ట్ సోమరితనం అన్నీ కలిపి మాకు 1.8 పైన పడుతుంది. సెల్ ముసలిదయ్యే కొద్దీ అదే 50 ఆంపియర్లకి వోల్టేజ్ మెల్లమెల్లగా పెరుగుతుంది. ఎంత మెల్లగా అంటే గంటకి కొన్ని మైక్రోవోల్ట్లు. గంటకి 5 మైక్రోవోల్ట్లు అనుకోండి, వెయ్యి గంటలు, అంటే నలభై రెండు రోజులు కూర్చుంటే పెరిగేది 5 మిల్లీవోల్ట్లు. ఆ 5 మిల్లీవోల్ట్లు పట్టుకోవడానికే మా తిప్పలన్నీ. నీళ్ళ వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే చాలు వోల్టేజ్ కొన్ని మిల్లీవోల్ట్లు కదులుతుంది, మార్చి నెలాఖరు నుంచి మన తిరుపతి ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు కదా, మధ్యాహ్నం రెండింటికీ తెల్లారుజామున నాలుగింటికీ రూం టెంపరేచర్‌లో తేడా మొత్తం గ్రాఫ్‌లో అలల్లా కనిపించేది. ఏసీ రెండోది పెట్టించి, పైపులకి ఇన్సులేషన్ చుట్టి, హీటర్ కంట్రోలర్ మార్చి, ఆ అలలు అణిగేసరికి నెల పట్టింది.

ఇంత చిన్న నంబర్ గురించి ఎందుకురా ఇంత అని మా చుట్టాలు అడుగుతారు. అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఈ రకం ఎలక్ట్రోలైజర్లకి 2026కి పెట్టుకున్న టార్గెట్ చూడండి, వెయ్యి గంటలకి 2.3 మిల్లీవోల్ట్లకి మించి పెరగకూడదు, 80,000 గంటలు మన్నాలి. రెండూ గుణిస్తే 184 మిల్లీవోల్ట్లు. 1.8 వోల్ట్లలో అది పది శాతం. ఒక్క వోల్ట్‌కి కిలో హైడ్రోజన్‌కి 26.6 యూనిట్ల కరెంట్ లెక్క, కాబట్టి ఆ 184 మిల్లీవోల్ట్లకి కిలోకి దాదాపు 5 యూనిట్లు అదనంగా కాలుతుంది. మన రాష్ట్రంలోనే అనకాపల్లి దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ ప్లాన్. దానికి ఈ లెక్క వేసి చూడండి, సెల్స్ అన్నీ ముసలివయ్యాక అదే హైడ్రోజన్‌కి రోజుకి 73 లక్షల యూనిట్లు ఎక్కువ. మా ల్యాబ్‌లో కనపడీ కనపడని గీత అక్కడికి వెళ్ళేసరికి ఒక పవర్ ప్లాంట్ అవుతుంది. మొదటి రోజు ఎఫిషియెన్సీ నంబర్ చూసి చప్పట్లు కొట్టడం నాకు అందుకే నచ్చదు, ఇల్లు అలకగానే పండగ కాదు.

80,000 గంటలంటే తొమ్మిదేళ్ళ పైన. ఎవరి దగ్గరా అంత టైం లేదు, అందుకని త్వరగా ముసలిదయ్యేట్టు చేసే టెస్టులు ఉంటాయి, వేడి పెంచడం, వోల్టేజ్‌ని నిమిషానికోసారి పైకీ కిందికీ ఆడించడం. అవి అవసరమే, మేమూ చేస్తాం. కానీ వాటితో ఒక చిక్కుంది. మా చిత్తూరు వైపు మామిడికాయల్ని కార్బైడ్ పెట్టి మగ్గేసేవాళ్ళని చూసుంటారు, రెండు రోజుల్లో తోలంతా పసుపు, కోస్తే లోపల తెల్లగా పుల్లగా ఉంటుంది. సెల్‌ని తొందరపెడితే కూడా అంతే, అది నిజంగా పదేళ్ళకి చెడిపోయే పద్ధతిలోనే చెడిపోయిందా, లేక మనం పెట్టిన బాధకి ఇంకోలా చెడిపోయిందా, తెలుసుకోవడానికి మళ్ళీ పక్కన ఒక నిదానం టెస్ట్ ఉండాల్సిందే. మా 2,900 గంటల టెస్ట్ ఆ నిదానం టెస్ట్.

ఇంక ఆ రోజు సంగతి. ఏప్రిల్ నెలాఖరు, సుమారు 2,400 గంటల దగ్గర. సాయంత్రం నాలుగున్నరకి శేషాచలం కొండల మీద నల్లగా కమ్ముకుంది, మామిడికాయలు రాలగొట్టే గాలివాన, ఫీడర్ పోయింది. యూపీఎస్ ఉంది కానీ అది కంప్యూటర్లకీ సెన్సర్లకీ, 50 ఆంపియర్ల పవర్ సప్లైకి కాదు. జనరేటర్ లేచింది కానీ చేంజోవర్ దగ్గర కాంటాక్టర్ పట్టుకోలేదు. మొత్తం అయిదు గంటలు సెల్ ఖాళీగా ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ, మూడు నెలల స్థిరమైన గీత మధ్యలో తెగిపోయిందని. రాత్రి తొమ్మిదిన్నరకి నీళ్ళు మళ్ళీ వేడెక్కించి, కరెంట్ మెల్లగా 50కి తెచ్చి చూస్తే వోల్టేజ్ ఆగక ముందుకంటే 14 మిల్లీవోల్ట్లు తక్కువ. నాతో పాటు డ్యూటీలో ఉన్న పిల్లోడు, చేరి ఆరు నెలలే అయింది, "అన్నా, రెస్ట్ తీసుకుని ఫ్రెష్ అయిపోయిందన్నా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. పొద్దున్నే సార్‌కి గ్రాఫ్ పంపాను, అందరం ఆనందపడ్డాం, మూడు నెలల్లో పెరిగిన వోల్టేజ్ మొత్తం ఒక్క సాయంత్రంలో వెనక్కొచ్చేసింది మరి.

ఇలా వెనక్కి రావడం ఉంటుందని మాకు తెలియక కాదు. పేపర్లలో చదివిందే, కొంత నష్టం తిరిగొచ్చేది, కొంత తిరిగిరానిది అని రెండు రకాలుగా విడగొట్టి రాస్తారు. తెలిసి కూడా సంతోషపడ్డాం, ఎందుకంటే రోజూ చూసేది ఆ ఒక్క నంబరే, నెలల తరబడి ఒకే నంబర్‌ని చూస్తా కూర్చుంటే మనిషి దాన్నే నమ్మడం మొదలుపెడతాడు.

ఆ ఆదివారం పాకాల వెళ్ళాను, ఊరికి. మా నాయన మోటర్లు రీవైండింగ్ చేస్తాడు, నలభై ఏళ్ళ పైనుంచి అదే పని, బోర్ల మోటర్లు, పిండి మిల్లు మోటర్లు. షాపు ముందర కాలిపోయిన స్టేటర్లు వరసగా పెట్టుంటాయి, ఆ కాలిన వార్నిష్ వాసన నాకు చిన్నప్పట్నుంచీ ఇంటి వాసన. అమ్మ అన్నం పెడతా "ఇంకా అయిపోలేదా నీ పరీక్ష" అంది, నేను జరిగింది చెప్పాను, ఆగి మళ్ళా లేచినాక ఇంకా బాగా పనిచేస్తా ఉందని. నాయన తినేది ఆపి చూశాడు. "ఆగి లేచింది బాగుండాదంటే నేను నమ్మనురా. మోటరు తిరగతా ఉంటే దానికేం కాదు, పదేండ్లయినా తిరగతాది. ఆగి మళ్ళా లేస్తాది చూడు, గండమంతా ఆడ్నే ఉండాది. కరెంటొచ్చే టయానికి ఊర్లో అందురూ ఆటో స్టార్టర్లు పెట్టుకోని ఉంటారు గదా, అన్నీ ఒక్కసారే లేస్తాయి, ఓల్టేజి పడిపోతాది, నా కాడికొచ్చే మోటర్లన్నీ ఆ ఒక్క నిమసంలో కాలినేటివే." 

మోటర్ సంగతి వేరు, అది లేచేటప్పుడు మామూలుకి ఐదారు రెట్ల కరెంట్ లాగుతుంది, మా సెల్ అలా లాగదు. నేను అదే చెప్పాను. కానీ తిరుపతి వచ్చే దారంతా, బస్సులో చంద్రగిరి దాటే వరకు ఆ మాటే తిరిగింది బుర్రలో. సోమవారం పొద్దున పోగానే వోల్టేజ్ పక్కన పెట్టి మిగతా ఫైళ్ళు తెరిచాను.

ఆక్సిజన్ లైన్‌లో మాకు హైడ్రోజన్ సెన్సర్ ఒకటి ఉంటుంది. పొర ఎంత మంచిదైనా కొంచెం హైడ్రోజన్ అటునుంచి ఇటు దాటుతుంది. ఆక్సిజన్‌లో హైడ్రోజన్ 4 శాతం దాటితే మంట అంటుకునే హద్దు, మేం 2 శాతం దగ్గరే అలారం పెట్టుకుంటాం, సెల్ దానంతటది ఆగిపోతుంది. మొదట్లో 0.3 ఉన్నది. వెయ్యి గంటలప్పుడూ 0.3నే. ఇప్పుడు 0.7. అలారానికి చాలా దూరం కాబట్టి ఎవరం పట్టించుకోలేదు, పైగా అది మెల్లగా పెరిగింది, మెల్లగా పెరిగేదాన్ని కనిపెట్టడమే మా ఉద్యోగం అయ్యుండి. మే మూడో వారానికి 0.9 అయింది. ఆ రోజు కరెంట్‌ని మెట్లు మెట్లుగా తగ్గించి చూశాం, సగం కంటే కిందికి దించామో లేదో అలారం మోగింది. ఎందుకంటే దాటే హైడ్రోజన్ ఇంచుమించు అంతే ఉంటుంది, తయారయ్యే ఆక్సిజన్ తగ్గిపోతుంది, శాతం పెరిగిపోతుంది. సోలార్ మీద నడిపే ప్లాంట్‌లో పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం నాలుగున్నరకీ కరెంట్ సగం కంటే తక్కువే కదా. అంటే ఫుల్ కరెంట్‌లో బంగారంలా కనిపిస్తున్న మా సెల్ నిజంగా ఎండ మీద పెడితే రోజుకి కొన్ని గంటలే పనికొస్తుంది.

ఆపేశాం. విప్పాం.

పొర ఒక మూల దగ్గర, నీళ్ళు లోపలికొచ్చే వైపు, లేత టీ రంగులో ఉంది. దాన్ని కట్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే అక్కడ మందం మిగతా చోట్లలో సగమే. ఇప్పుడు అర్థం చేసుకోండి, పొర పలచబడితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, రెసిస్టెన్స్ తగ్గితే వోల్టేజ్ తగ్గుతుంది. సెల్ చావుకి దగ్గరవుతా ఉంటే నంబర్ బాగుపడతా ఉంది. ఇరిడియం అరుగుదల వల్ల పెరగాల్సిన వోల్టేజ్‌ని పొర అరుగుదల వల్ల తగ్గిన వోల్టేజ్ కప్పేస్తా వచ్చింది, పైకి రెండూ కలిసి "ఏమీ కాలేదు" అని కనిపించింది.

ఆ టీ రంగు ఎక్కడ్నించి వచ్చిందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. నీళ్ళ లైన్‌లో సెల్‌కి అర అడుగు ముందు ఒక ఎల్బో ఉంటుంది. ఫిబ్రవరిలో, శివరాత్రి టైంలో, ఆ ఎల్బో చీలింది. అది తెల్లగా ఉండే పీఎఫ్‌ఏ ప్లాస్టిక్‌ది, స్పేర్ లేదు, చెన్నై నుంచి రావాలంటే నాలుగైదు రోజులు, శ్రీకాళహస్తి రోడ్డంతా భక్తులు, వ్యాన్లు. టెస్ట్ ఆపడం ఇష్టం లేక నీళ్ళ లైన్ బైపాస్ చేసి పావుగంటలో స్టీల్ ఎల్బో బిగించాం. 316 గ్రేడు, మంచి స్టీలే, కొన్నది కూడా తెలిసిన షాపులోనే. కొత్తది రాగానే మార్చేద్దాం అనుకున్నాం. కొత్తది వచ్చింది, అల్మరాలో ఉంది, మార్చలేదు. లాగ్ బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది, "టెంపరరీ" అని. మే నెలలో ఆ ఎల్బో ఊడదీసి టార్చ్ వేసి చూస్తే బిగించే థ్రెడ్ల చుట్టూ సన్నటి ఎర్రటి గీత, గోటితో గీకితే వేలికి పసుపు కుంకుమ కలిపినట్టు అంటుకుంది. గుండెల్లో రాయి పడింది నాకు.

స్టీల్‌కి తుప్పేంటి అనిపిస్తుంది. మా లైన్‌లో తిరిగేవి మామూలు నీళ్ళు కావు. తిరుపతి బోరు నీళ్ళు ఎలాంటివో అందరికీ తెలుసు, బకెట్లకి, గీజర్ కాయిల్‌కి తెల్లగా గార కడతాయి. ఆ కాల్షియం పొరలోకి పోతే ప్రోటాన్లు కూర్చునే చోట కూర్చుని మళ్ళీ లేవదు, సెల్ రెసిస్టెన్స్ పెరిగిపోతుంది, కాబట్టి ఆర్‌వో చేసి, మళ్ళీ రెజిన్ గుండా పంపి, ఉప్పనేది లేకుండా చేసి వాడతాం. అలా ఖాళీ అయిన నీళ్ళు ఆకలి మీద ఉంటాయి, 80 డిగ్రీల వేడి, నిండా ఆక్సిజన్, ఎదురొచ్చిన ప్రతి దాన్నీ కొంచెం కొరుక్కుంటూ పోతాయి. రెజిన్ క్యాట్రిడ్జ్ ఉంది కదా ఇనుమును పట్టుకోడానికి అంటారేమో, ఉంది, కానీ ఎల్బో రెజిన్‌కి తర్వాత, సెల్‌కి ముందు. ఇనుము నేరుగా పొరలోకే పోయింది. పొర లోపల హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకదానికొకటి ఎదురుపడ్డ చోట కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది, అది ఒక్కటే అయితే పెద్ద ప్రమాదం కాదు, దానికి ఇనుము తోడైతే ఫెంటన్ రియాక్షన్ జరిగి హైడ్రాక్సిల్ ర్యాడికల్స్ పుడతాయి, అవి నాఫియాన్ గొలుసుల్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. ముక్కలైన నాఫియాన్ నీళ్ళలోకి ఫ్లోరైడ్‌ని వదులుతుంది. ఫ్లోరైడ్ అంటే మన వాళ్ళకి కొత్త కాదు, నల్గొండ నీళ్ళ పుణ్యమా అని ఆ మాట వినని తెలుగువాడు ఉండడు, అదే ఫ్లోరైడ్. సెల్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో దాన్ని కొలిస్తే పొర ఎంత కరిగిందో లెక్క తెలిసిపోతుంది. మేం కొలిచాం కూడా, మొదటి నెల వారం వారం, రీడింగ్ చాలా తక్కువ వస్తోంది కదా అని తర్వాత మానేశాం. ఫ్రిజ్‌లో పాత శాంపిల్ బాటిళ్ళు కొన్ని మిగిలి ఉంటే వాటిని ఇప్పుడు కొలిచాం. ఫిబ్రవరి మొదటి వారానిదీ ఏప్రిల్ మొదటి వారానిదీ పక్కపక్కన పెడితే పది రెట్లు తేడా. అన్నీ ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

మరి కరెంట్ పోయిన రోజు తగ్గిన 14 మిల్లీవోల్ట్లు? అది పొర వల్ల కాదు, ఆ ఒక్క సాయంత్రంలో పొర అంత పలచబడదు. అది ఇరిడియం వైపు జరిగే పని. సెల్ నడుస్తున్నంతసేపు ఇరిడియం ఆక్సైడ్ ఆక్సైడ్‌గానే ఉంటుంది. ఆగగానే అవతలి హైడ్రోజన్ పొర దాటి వచ్చి దాని పైపొరని మెటల్‌గా మార్చేస్తుంది. మళ్ళీ కరెంట్ ఇస్తే ఆ మెటల్ తిరిగి ఆక్సైడ్ అవుతుంది, ఈ కొత్త ఆక్సైడ్ పాతదానికంటే చురుకైనది, అందుకే వోల్టేజ్ తగ్గుతుంది, చురుకే గానీ గట్టిది కాదు, ఇలా మారిన ప్రతిసారీ కొంత ఇరిడియం నీళ్ళలోకి పోతుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో దీన్ని బాగా చూపించారు, ఆపుతూ నడుపుతూ పోతే సెల్ మొదట బాగుపడుతుంది, తర్వాత్తర్వాత ఆ పూతకి కరెంట్ అందించే టైటానియం భాగంతో కాంటాక్ట్ దగ్గర రెసిస్టెన్స్ పెరిగి చెడుతుంది. నాయన అన్నది దారి వేరైనా ఇక్కడికే వచ్చింది. ఆగి లేచింది బాగుందంటే అనుమానించాల్సిందే.

ఇక్కడే నా అసలు బాధ. ప్రపంచంలో డ్యూరబిలిటీ లెక్కలు ఎక్కువగా స్థిరంగా నడిపిన సెల్స్ మీద వచ్చినవి, గంటల్లో చెప్తారు. స్థిరమైన కరెంట్ ఉన్నచోట అది సరిపోతుంది. మన దగ్గర నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 2023 జనవరిలో 19,744 కోట్లు ఇచ్చారు, 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు అన్నారు, అందులో పెద్ద భాగం సోలార్ మీదే నడవాలి. రాయలసీమలో సోలార్ అంటే రోజూ పొద్దున లేవడం, రోజూ సాయంత్రం ఆగడం, మధ్యలో మబ్బులు. రోజుకి 8 గంటలు నడిచిందనుకోండి, 80,000 గంటలు పూర్తవడానికి 27 ఏళ్ళు, ఈలోపు పది వేల సార్లు ఆగి లేస్తుంది. ఆ పది వేల గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఎలక్ట్రోలైజర్ కొనేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి అమ్మేవాళ్ళని గంటలతో పాటు ఇది కూడా అడగండి, ఎన్నిసార్లు ఆపి లేపి చూశారు, రాత్రి పూట ఎలా పెట్టారు, ఆక్సిజన్‌లో హైడ్రోజన్ మొదటి రోజు ఎంత, చివరి రోజు ఎంత, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత. వోల్టేజ్ గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు.

జులైలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఒకే బ్యాచ్‌వి మూడు సెల్స్. ఒకటి పాత పద్ధతిలో స్థిరంగా 50 ఆంపియర్లు. రెండోదానికి మా ల్యాబ్ మిద్దె మీద పెట్టిన ఎండ మీటర్ ఎంత చెప్తే అంత, మబ్బు వస్తే తగ్గుతుంది, పోతే పెరుగుతుంది, సాయంత్రం పూర్తిగా ఆగిపోతుంది. మూడోది పగలంతా రెండోదానిలాగే, రాత్రి మాత్రం పూర్తిగా ఆపకుండా సన్నటి కరెంట్ ఇచ్చి వోల్టేజ్ పడిపోకుండా పట్టుకుని ఉంచుతాం, ఇరిడియం మెటల్‌గా మారకుండా. అంత తక్కువ కరెంట్‌లో ఆక్సిజన్ వైపు హైడ్రోజన్ శాతం పెరుగుతుంది కాబట్టి రాత్రంతా నైట్రోజన్‌తో తోస్తూ ఉండాలి, ఆ నైట్రోజన్ ఖర్చూ ఆ కరెంట్ ఖర్చూ కూడా రాస్తున్నాం, కాపాడిన ఇరిడియం కంటే కాపలా ఖర్చు ఎక్కువైతే ఉపయోగం లేదు కదా. ఇంకో ఇబ్బంది, సెల్‌ని పరీక్ష చేయడానికి వారం వారం కరెంట్‌ని పైకీ కిందికీ మార్చి వోల్టేజ్ ఎలా మారుతుందో కర్వ్ తీస్తే ఆ పరీక్షే దాన్ని కదిలిస్తుంది, స్థిరంగా ఉండాల్సిన సెల్ స్థిరంగా ఉండదు. అందుకని దానికి నెలకి ఒక్కసారే.

లైన్‌లో సెల్ ముందు స్టీల్ ఎక్కడా లేదు. స్పేర్ ఎల్బోలు పన్నెండు ఉన్నాయి, అల్మరా తలుపుకి లోపలి వైపు లిస్ట్ అంటించాం. నీళ్ళ శాంపిల్ ప్రతి మంగళవారం, రీడింగ్ సున్నా వచ్చినా సరే, మానడం లేదు.

ఈ కార్తీకంలో తుఫాను మబ్బులకి రెండో సెల్ రోజుకి ముప్పై నలభై సార్లు పైకీ కిందికీ ఊగింది, నేను కొండల మీది మబ్బుని కిటికీలోంచి చూసి స్క్రీన్ మీద కరెంట్ ఎప్పుడు పడుతుందో ముందే చెప్పగలుగుతున్నా. నిన్నటికి అది 143 సార్లు ఆగి లేచింది. వోల్టేజ్ మొదలుపెట్టిన రోజుకంటే 11 మిల్లీవోల్ట్లు తక్కువే ఉంది, మూడు సెల్స్‌లోకీ అదే బాగా కనిపిస్తోంది. నిన్న నాయన ఫోన్ చేసి "ఎన్ని స్టార్టింగులైనాయి" అని అడిగితే నంబర్ చెప్పాను, "ఇంకా చూడు" అన్నాడు. దాని నీళ్ళలో ఇరిడియం ఎంతుందో కొలవడానికి బాటిల్ బయట ల్యాబ్‌కి పంపాం, రిపోర్ట్ రావడానికి పది రోజులు పడుతుంది.